రాయపూర్ పునాదిరాయి

న్యూఢిల్లీ: పునాదిరాళ్లు వేయడంలో మనం ఎన్నడూ వెనుకబడలేదు. వాటిపై లేచే కట్టడంలో ఎవరి మేధస్సు పనిచేయనున్నదన్నదే ప్రశ్న. 2025 ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయి నవ రాయపూర్‌లో గాలియం నైట్రైడ్ చిప్‌ల కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. చెన్నైకి చెందిన పాలిమాటెక్ సంస్థ ప్రకటించిన పెట్టుబడి 1,143 కోట్ల రూపాయలు. వరికీ, ఉక్కుకూ పేరొందిన ప్రాంతానికి ఇది శుభవార్తయే.

అయితే చిప్ ఒక్కటే వైర్‌లెస్ యంత్రాన్ని నడపజాలదు. మైక్రోవేవ్ శక్తిని పాళ్ల ప్రకారం పంచిపెట్టే విభాజకం కూడా కావాలి. 1960లో అమెరికన్ ఇంజనీరు విల్కిన్సన్ ప్రకటించిన నమూనాయే నేటికీ ఒరవడి. అందులో మార్గం రెండు శాఖలుగా చీలుతుంది. ఒక్కొక్క శాఖ పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగవ వంతు. చిక్కంతా ఆ పొడవులోనే ఉన్నది. గాలిలో అది 700 మెగాహెర్ట్జ్ వద్ద సుమారు 11 సెంటీమీటర్లు. 3,500 వద్ద రెండు సెంటీమీటర్లకు కొంచెమే ఎక్కువ. 2022 వేలంలో కేంద్రం ఈ రెండు శ్రేణులనూ విక్రయించింది. పౌనఃపున్యం మారినప్పుడల్లా కొత్త విభాజకం చేయనక్కర లేకుండా, వోల్టేజీని బట్టి కెపాసిటెన్సు మారే వరాక్టర్ డయోడ్లను అమర్చి, దగ్గరి పౌనఃపున్యాలకు ఒకదానినే శ్రుతి చేసుకోవచ్చును. వీణకు బిరడాలవంటివి ఆ డయోడ్లు. కాని వాటివల్ల కొంత శక్తి నష్టమవుతుంది. బలం హెచ్చిన చోట సంకేతం వికృతమవుతుంది. ఈ లాభనష్టాలను తూచడమే రూపకర్త విద్య.

ఆ విద్యకు తగిన చోటు రాయపూర్‌లోనే ఉన్నది. 1956లో గనుల, లోహశాస్త్ర కళాశాలగా మొదలైన సంస్థ 2005లో జాతీయ సాంకేతిక సంస్థ అయినది. చిప్ పరిశ్రమకై 2021 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన 76,000 కోట్ల పథకంలో రూపకల్పనకు ప్రోత్సాహకాలూ ఉన్నవి. వాటిలో కొంత భాగం ఇట్టి సంస్థల కొలత ప్రయోగశాలలకు చేరాలి. విద్యార్థులు గీసిన సర్క్యూట్లను కర్మాగారం ఏటా కొన్నయినా తయారుచేసి ఇవ్వాలి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. 1975–76లో ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు ఉపగ్రహ టెలివిజన్ చేరినప్పుడు, రాయపూర్ ప్రాంతపు పల్లెలూ, తెలుగు పల్లెలూ అందులో ఉన్నవి. ఉపగ్రహం అమెరికాది; పల్లెలోని గ్రాహకం మనది. అహ్మదాబాదులో రూపకల్పన, హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్.లో తయారీ జరిగినవి. అర్ధశతాబ్ది క్రితం సాధ్యమైన ఆ పొత్తు నేడు అసాధ్యమనడం న్యాయం కాదు. గోడలు కోట్లతో లేస్తాయి. రూపకర్తలు మాత్రం ఏళ్ల తరబడి చేసిన సాధనతోనే తయారవుతారు.