చూచు తరంగము, చెప్పు తరంగము

ఖమ్మము దాటి భద్రాచలము వైపు పోవుకొలది అడవి చిక్కనగును. ఆ అడవి యంచున గోదావరి ప్రవహించుచున్నది. భద్రాచలమువద్ద నీటిమట్టము 1986 ఆగస్టులో 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును చేరెను. అచ్చట 43, 48, 53 అడుగుల మట్టములయందు క్రమముగా మూడు ప్రమాద హెచ్చరికలు ప్రకటింతురు. హెచ్చరిక యెంత ముందుగా అందునో అన్ని ప్రాణములు దక్కును. కావున వానను ముందుగా చూచుట యెంత ముఖ్యమో, చూచినదానిని నిజముగా చెప్పుటయు నంత ముఖ్యము.

చూచు పని రాడారుది. మచిలీపట్నము, హైదరాబాదు, విశాఖపట్నములలో వాతావరణశాఖవారి డాప్లర్ రాడార్లు కలవు. రాడారు పంపిన రేడియో తరంగము సెకనుకు మూడులక్షల కిలోమీటర్ల వేగముతో పోయి, వానచినుకులను తాకి, ప్రతిధ్వనివలె మరలివచ్చును. అందుకు పట్టిన కాలమునుబట్టి మేఘము దూరమును, పౌనఃపున్యములోని మార్పునుబట్టి చినుకుల కదలికయు తెలియును. చెప్పు పని వైర్‌లెస్ సాధనములది.

ఈ రెండు పనులను ఒకే తరంగము చేయగలదు. 1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండులోని డావెంట్రీ సమీపమున వాట్సన్ వాట్, విల్కిన్స్ అను శాస్త్రజ్ఞులు బి.బి.సి. వారి ప్రసారతరంగము విమానమును తాకి మరలుటను కనిపెట్టిరి. మాటను మోయు తరంగమే కన్నుగా మారెను. నేడు ఒకే యంత్రముచే చూచుటకును, చెప్పుటకును శాస్త్రజ్ఞులు కృషి చేయుచున్నారు. కాని ఇందొక చిక్కు కలదు. తరంగము ఏ విమానమును తాకి చూచునో, ఆ విమానమే అందలి వార్తను వినవచ్చును. కనుక రక్షణవార్తకు గూఢలిపి తప్పదు.

వరదవార్త తీరు వేరు. దానిని దాచనక్కరలేదు, కోయ, కొండరెడ్డి గూడెములలో ప్రతివారును వినవలయును. అయితే దానిని కల్పించుటకు గాని, మార్చుటకు గాని ఎవ్వరికిని వీలుండరాదు. పులి వచ్చెనని ఊరిని పరిహసించిన గొల్లపిల్లవాని కథ యెల్లరెరిగినదే. ఒక పుకారు నేడు జనమును పరుగెత్తించినచో, రేపు నిజమైన హెచ్చరికను ఎవరు నమ్ముదురు? లేఖకు చేవ్రాలువలె, వార్తకును పంపినవారిని నిర్ధారించు అంకెల ముద్ర యుండవలయును.

గొప్ప రాడారును నిలిపిన చాలునని కొందరందురు. కాని కొండచాటు గూడెమునకు తరంగము సరిగా చేరదు. కావున రాడారునకు వెచ్చించు శ్రద్ధనే, అడవిలోని చివరి యింటివరకు వార్త చేర్చుటకును, అది వారి భాషలో వినిపించుటకును వెచ్చింపవలయును. ఎవరికిని అందని చూపు, ఎవరును నమ్మని మాట, రెండును వరదవేళ నిష్ఫలములే.