సెలవు దాకా ఆగదు నోటి పుండు

గల్ఫ్ లేబర్ క్యాంపుల్లో మన తెలుగువాళ్ళు జ్వరం వస్తే గోలీ వేసుకుంటారు, నడుం పట్టేస్తే బామ్ రాసుకుంటారు. నోట్లో పుండు లేస్తే మాత్రం ఎవరికీ చెప్పరు. 'వేడి చేసింది, అదే పోతుంది' అనుకుంటారు. పోకపోతే 'ఆర్నెల్లలో సెలవుకు పోతాం గదా, ఇంటికాడ చూపించుకుందాం' అంటారు. అది క్యాన్సర్ అయితే ఆ ఆర్నెల్లే ప్రాణం మీదికి తెస్తాయి.

ఇది ఎక్కడో ఒకరికి వచ్చే రోగం కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద పెదవి, నోటి క్యాన్సర్ కొత్త కేసులు సుమారు 3.89 లక్షలు. అందులో 1.43 లక్షలు మన దేశంలోనే! అంటే మూడింట ఒక వంతు కన్నా ఎక్కువ. కారణం అందరికీ తెలిసిందే. గుట్కా, ఖైనీ, జర్దా, తంబాకు.

పొగాకు ఎక్కడ నానుతుందో రోగం అక్కడే పుడుతుంది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే 'అడ్డపొగ' అలవాటు ఉన్న ఆడవాళ్ళకు అంగిట్లో క్యాన్సర్ రావడాన్ని మన డాక్టర్లు 1950ల్లోనే రాసిపెట్టారు. ఖైనీ బుగ్గన పెట్టుకునేవాడికి బుగ్గలోనే, చిగురు పక్కనే వస్తుంది. 'నేను తినేది వట్టి వక్కపొడే, పొగాకు లేదు' అనేవాళ్ళు కూడా నిశ్చింతగా ఉండడానికి లేదు. వక్క ఒక్కటే అయినా క్యాన్సర్ కారకమేనని అదే సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో తేల్చి చెప్పింది. వక్క వల్ల బుగ్గ లోపలి పొర గట్టిపడి, నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది. దీనికి మందు అలవాటు కూడా తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

మరి మానెయ్యమంటే సరిపోతుందా? సరిపోదు. ఎండలో పని, నైట్ డ్యూటీ, నిద్ర ఆపుకోవాలి, ఆకలి చంపుకోవాలి. అందుకే నములుతున్నారు. యూఏఈలో నమిలే పొగాకు అమ్మకం నిషేధం. అయినా ఊరి నుంచి వచ్చేవాడి పెట్టెలో పచ్చడి సీసాల మధ్య ప్యాకెట్లు వస్తూనే ఉన్నాయి. తెచ్చిపెట్టమని అడిగేది మనమే, తెచ్చేదీ మనమే. ఇక తిడితే నోరు మూసుకుంటారు తప్ప నోరు చూపించరు.

అసలు భయం ఇంకొకటి ఉంది. 'మెడికల్ అన్‌ఫిట్ అంటే ఇంటికి పంపిస్తారు, తెచ్చిన అప్పు ఎవరు కడతారు?' ఈ భయం అర్థం లేనిది కాదు. కానీ వీసా మెడికల్‌లో తీసేది రక్తం, ఛాతీ ఎక్స్‌రే. అది నోటి క్యాన్సర్ కోసం చేసే పరీక్ష కాదు. కాబట్టి మెడికల్ పాసయ్యాను, నాకేం లేదు అనుకోవడానికి వీల్లేదు.

చూడడానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలుపెట్టి, డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, వెలుతురులో జనం నోళ్ళు చూపించారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో లెక్క తేలింది.

అందుకే నా మాట మన తెలుగు సంఘాలకు. ఉగాదికి, బతుకమ్మకు, సంక్రాంతికి స్టేజీలు కడుతున్నాం, సినిమావాళ్ళను పిలిపిస్తున్నాం. సంతోషమే. ఆ ఖర్చులో కొంచెం తీసి, ఒక సెలవు రోజు ఇక్కడే ఉన్న మన పళ్ళ డాక్టర్లను క్యాంపులకు తీసుకెళ్ళండి. పేర్లు కంపెనీకి చెప్పమని ముందే మాటివ్వండి. వందమంది నోళ్ళు చూస్తే ఒక్కడు బయటపడినా ఒక కుటుంబం నిలబడుతుంది.

అంతదాకా ఎవరికి వారు అద్దం ముందు నిలబడి చూసుకోవాలి. మూడు వారాలైనా మానని పుండు, తెల్ల మచ్చ లేదా ఎర్ర మచ్చ, మూడు వేళ్ళు పట్టనంతగా బిగుసుకున్న నోరు, మెడలో గడ్డ, తగ్గని గొంతు బొంగురు, మింగుడు పడకపోవడం, ఇవన్నీ డాక్టరుకు చూపించాల్సినవే. మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు. నొప్పి లేదు కదా అని ఆగడమే పెద్ద పొరపాటు. 'ముక్క తీస్తే పాకిపోతుంది' అనే మాట నమ్మకండి. ముక్క తీసి పరీక్ష చేస్తేనే సంగతి తేలుతుంది. చిన్నగా ఉన్నప్పుడు చాలామందికి ఒక్క ఆపరేషన్‌తో పోతుంది. ముదిరితే దవడ తీయాలి, ఆపైన కరెంటు, మందులు.

కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్సు కార్డు జేబులో దాచుకోవడానికి కాదు, వాడండి. ఇండియాకు పోవాల్సి వస్తే హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె., విశాఖలో హోమీ భాభా ఆస్పత్రులున్నాయి. ఊళ్ళో ఉన్న అక్కాచెల్లెళ్ళకు కూడా ఒక మాట. ఫోన్‌లో 'డబ్బులు పంపావా, తిన్నావా' అని అడిగినట్టే 'నోట్లో పుండు మానిందా' అని కూడా అడగండి. మానలేదంటే సెలవు కోసం ఎదురుచూడొద్దు, రేపే డాక్టరు దగ్గరకు పొమ్మనండి.