మన్ను తొక్కిన కాళ్లు ఎవరివి?

మట్టికి కులం లేదని చెప్పే పెద్దమనుషులను చాలామందిని చూశాను. మీటింగుల్లో చెప్తారు. కవిత్వంలో చెప్తారు. ‘ఆహా, మట్టి వాసన’ అని ముక్కులు ఎగబీలుస్తారు. ఆ మట్టిలో దిగి పనిచేసిన మనిషి పక్కన వచ్చి కూచుంటే మాత్రం ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంటారు. ఈ రోగం మన దేశానికే సొంతం కాదు. సముద్రాలు దాటినా ఉంది. అది చెప్పడానికే ఇది రాస్తున్న.

నేను ముప్పై ఏళ్లు సర్కారు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన పంతులమ్మను. నల్లగొండ జిల్లా మాదిగవాడ నాది. నా బిడ్డ స్పెయిన్ దేశంలో, మాడ్రిడ్‌లో ఉద్యోగం చేస్తది. ఆమె దగ్గరికి పోయినప్పుడు ఒక ప్రదర్శనకు తోలుకపోయింది. 20వ శతాబ్దపు స్పెయిన్ చిత్రకారులు, శిల్పులు మట్టినీ, ‘ఆదిమ’ మనుషుల కళనూ చూసి చేసిన బొమ్మలన్నీ ఒక్కచోట పెట్టారు. ఆ గోడలు పాలకంటె తెల్లగా ఉన్నయి. వాటి మీద మన్ను, ఇసుక, గడ్డి, గోనెపట్టలు. ఒక్కోదాని ముందర మనుషులు గుళ్లో నిలబడ్డట్టు నిలబడ్డరు.

చూపించే అమ్మగారు మా మొఖాలు చూసి సంబరపడింది. నా బిడ్డ ఆమె మాటలు తెలుగుల చెప్పింది: “అమ్మా, మీకు ఇవన్నీ కొత్తగా అనిపించయంట. మన దేశంల జనం ఇప్పటికీ మట్టికి దగ్గరగా బతుకుతరంట. అదృష్టవంతులంట మనం.”

“దగ్గరుండుడు నిజమే. ఆ మట్టి పట్టా ఎవరి పేరు మీదున్నదో అడుగు బిడ్డా” అన్న.

నా బిడ్డ ఆ మాట స్పానిష్‌లో ఎట్ల చెప్పిందో ఏమో, ఆమె నవ్వి ఇంకో బొమ్మ దగ్గరికి నడిచింది. నా ప్రశ్న అక్కడే నిలబడిపోయింది. దానికి జవాబు ఆ బొమ్మల్లోనే వెతికిన.

మొదట ఆంతోని తాపియెస్. బార్సెలోనా మనిషి. 1923లో పుట్టి 2012లో పోయాడు. రంగుల్లో పాలరాతి పొడి, ఇసుక, మన్ను కలిపి గోడ కట్టినట్టు మందంగా పూసేవాడు. దాని మీద గీతలు గీరేవాడు. పాదం అచ్చులు, చంక, గడ్డి ఆయన బొమ్మల్లో ఉంటాయి. కాటలాన్ భాషలో ఆయన ఇంటిపేరుకు అర్థమే మట్టిగోడలు. ఫ్రాంకో నియంతృత్వంలో నోరు తెరిస్తే జైలు అన్న కాలంలో, బార్సెలోనా గోడల మీద జనం గీరిన గీతలే తనకు పాఠమయ్యాయని చెప్పినవాడు. ఆయన్ని నేను తక్కువ చేయను. నియంత ముందు గోడను మాట్లాడించినవాడు.

కానీ ఆ గోడ ముందర నిలబడ్డప్పుడు నాకు మా అమ్మ అలికిన గోడలు గుర్తొచ్చినయి. అలుకుడు అంటే ఏమిటో ఈ తెల్ల గోడలోల్లకు తెలుసా? పుట్టమన్ను తవ్వి తట్టల్లో మోసుకురావాలి. ఊక కలిపి నీళ్లు పోసి రాత్రంతా నాననియ్యాలి. పొద్దున్నే చీర కుచ్చెళ్లు ఎగజెక్కి కాళ్లతో తొక్కాలి. గులకరాయి కాలికి గుచ్చుకుంటే తీసి పారేసి మళ్లీ తొక్కాలి. మెత్తగయినంక పేడ కలిపి అరచేత్తో గోడకు పూయాలి. ఆరినంక అడుగున జాజు, పైన సున్నం. తాపియెస్ బొమ్మలో కనబడ్డ ఆ ఎర్రటి రంగు మా జాజే. వాళ్లు ఓకర్ అంటారు.

మా అమ్మ దొర గడి ప్రహరీ గోడ ఏటేటా అలికేది. వెట్టి. బయటి గోడ మాత్రమే. లోపలి గోడకు మా చేయి తగలకూడదు. ఆమె తొక్కిన మన్ను దొర గోడకు పనికొచ్చింది. తొక్కిన మనిషి వాకిలి దాటకూడదు. గోడ ఆరినంక దాని మీద నీళ్లు చిలకరించేటోల్లు, మైల పోవాలని. మా అమ్మ అయిదు వేళ్ల అచ్చులు ఆ గోడ మీద వానాకాలం దాకా ఉండేవి. వాటి కింద ఎవ్వరూ పేరు రాయలే.

మరి అరచేతి అచ్చు ఎప్పుడు కళ అవుతది, ఎప్పుడు మైల అవుతది? చేయి ఎవరిదన్న దాన్ని బట్టి. దీన్ని మా ఊళ్లో కులం అంటారు. మ్యూజియంలో ఏమంటారో వాళ్లే చెప్పాలి.

తర్వాత వల్యేకాస్ గుంపు. 1927 నుంచి ఇద్దరు మిత్రులు మాడ్రిడ్ ఆతోచా స్టేషన్ కాడి నుంచి ఊరి బయటున్న వల్యేకాస్ బీళ్ల దాకా రోజూ నడిచేవాళ్లు. అక్కడి ఎర్రమన్ను, రాళ్లు, ఎండిన దుబ్బలు చూసి కొత్త కళ పుట్టించాలనుకున్నారు. ఒకడు బెంహమిన్ పలెన్సియా. రెండోవాడు ఆల్బెర్తో సాంచెస్. ఈ ఆల్బెర్తో మనవాడు! తోలేదోలో రొట్టెలు కాల్చేవాని కొడుకు. చిన్నప్పుడు పందులు కాసినవాడు. కమ్మరి కొలిమి కాడ పనిచేసినవాడు. బళ్లో చదువుకోలేదు. అక్షరాలు పెద్దయినంక నేర్చుకున్నాడు. దాదాపు ముప్పై ఏళ్లు వచ్చేదాకా రొట్టెల భట్టీలోనే పని. పిండి పిసికిన చేతులతోనే మట్టి పిసికాడు. ఆయన బొమ్మల్లో నేల దున్నిన చాళ్లు కనబడతాయి. అవి దూరం నుంచి చూసి గీసినవి కావు.

1937లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో, ప్రజాస్వామ్య స్పెయిన్ మందిరం లోపల పికాసో ‘గేర్నికా’ ఉంటే, బయట ఆకాశంలోకి లేచి నిలబడ్డది ఈ రొట్టెల మనిషి శిల్పం. స్పెయిన్ ప్రజలకు నక్షత్రం దాకా పోయే దారి ఒకటి ఉందని దాని పేరు. తర్వాత ఏమైంది? 1938లో మాస్కో పోయాడు. అంతర్యుద్ధంలో ఫ్రాంకో గెలిచాడు. ఆల్బెర్తో మళ్లీ తన నేల తొక్కలేదు. 1962లో పరాయి మట్టిలో కలిసిపోయాడు. పలెన్సియా మాడ్రిడ్‌లోనే ఉండి, అదే వల్యేకాస్ పేరుతో 1939లో కుర్రవాళ్లను కూడగట్టి, ఫ్రాంకో రాజ్యంలో బహుమతులు అందుకున్నాడు. ఇద్దరు గీసిందీ ఒకే మన్ను. మట్టి ఒక్కటే అనేవాళ్లు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి.

ఆ రోజుల్లో స్పెయిన్ మట్టి బొమ్మల్లో ఒక్కటే లేదు. తగాదాలో ఉంది. దక్షిణాన వేల ఎకరాలు ఒక్కో భూస్వామి చేతిలో. 1936 మార్చి 25న బదహోస్ జిల్లాలో దాదాపు 60,000 మంది భూమిలేని రైతులు కాడెద్దులతో, నాగళ్లతో దాదాపు 3,000 కమతాల్లోకి ఒక్క పొద్దున దిగారు. ఆగస్టులో ఫ్రాంకో సైన్యం బదహోస్ పట్టణంలో ఊచకోత కోసింది. భూములు మళ్లీ భూస్వాములకే. ఇది చెప్పకుండా ‘స్పెయిన్ కళాకారులు మట్టిలో తమ మూలాలు వెతికారు’ అని గోడ మీద రాస్తే సరిపోద్దా? మూలాలు వెతికినవాళ్ల పేర్లు ఉన్నాయి. భూమి అడిగి చచ్చినవాళ్ల ఊసు ఒక్క అక్షరం లేదు.

ఇంకో మాట. 1950ల్లో ఆండలూసియా నుంచి, ఎక్స్‌త్రెమదూరా నుంచి కూలిజనం మాడ్రిడ్‌కు వలసొచ్చి ఆ వల్యేకాస్ బీళ్లలోనే గుడిసెలేసుకున్నారు. పగలు వేస్తే పోలీసులు కూల్చేవాళ్లు. అందుకని రాత్రికి రాత్రి గోడలు లేపి, తెల్లారేసరికి కప్పు వేసేవాళ్లు. చిత్రకారులు అందం వెతికిన నేలలో వీళ్లు తలదాచుకునే జాగా వెతుకున్నారు. ప్రభుత్వ భూమిలో గుడిసెలేసి లాఠీలు తిన్న మా వాడోల్లకు ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ‘ఆదిమం’ అన్న మాటకు వస్తాను. ఈ మాట వెనక దొంగతనం ఉంది. ఊరికే తిట్టడం లేదు. పికాసో 1907లో కొత్త దారి పట్టినప్పుడు ఆయన దగ్గర రెండు పురాతన ఐబీరియన్ రాతితలలు ఉన్నాయి. అవి లూవ్ర్ మ్యూజియం నుంచి దొంగిలించి తెచ్చినవి. 1911లో గొడవ ముదిరినంక తిరిగి పంపారు. ఆయన చూసి చలించిన ఆఫ్రికా ముసుగులు పారిస్ మ్యూజియంలోకి వచ్చింది వలసపాలన సంచుల్లో. 1931 నుంచి 1933 దాకా ఫ్రెంచి పండితుల దండు ఒకటి ఆఫ్రికా అంతా తిరిగి వస్తువులు పోగేసింది. మాలీ దేశపు పల్లెల్లో పూజా వస్తువులను తామే ఎట్లా దౌర్జన్యంగా ఎత్తుకొచ్చారో ఆ దండులోని మిషెల్ లేరిస్ 1934లో తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. ఎత్తుకొచ్చినవాడు నాగరికుడు. పోగొట్టుకున్నవాడు ఆదిమ మానవుడు!

మిగేల్ బర్సెలో అదే మాలీ పోయాడు. మయోర్కా దీవి మనిషి, 1957లో పుట్టాడు. 1988 నుంచి చాలా ఏళ్లు మాలీ పోయొస్తూ, దోగోన్ పల్లెల్లో కూడా ఉంటూ బొమ్మలేశాడు. అక్కడి కుండలు చేసే ఆడవాళ్లను చూసి మట్టిపని పట్టుకున్నాడు. ఆ మట్టిపనే పెరిగి పెరిగి 2007లో పాల్మా పెద్ద చర్చిలో ఒక ప్రార్థన మందిరం గోడలనంతా 300 చదరపు మీటర్ల కాల్చిన మట్టితో కప్పింది. ఆయన ఎత్తుకొచ్చింది లేదు, ఉండి నేర్చుకున్నాడు. ఆ తేడా నేను ఒప్పుకుంటా. కానీ ప్రదర్శనలో ఆ ఆడవాళ్లు ఒక్క ముక్కలో అయిపోయారు: ‘ఆఫ్రికా సంప్రదాయం’.

సంప్రదాయం అంటే ఏమిటయ్యా? మాలీలో మాండే జనాల సంగతి వినండి. కొలిమి పనివాళ్లను నుమూ అంటారు. వాళ్ల ఆడవాళ్లే కుండలు చేస్తారు. తోలుపని చేసేవాళ్లు గరాంకే. ఈ పనివాళ్లు తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవాలి. రైతులు, పెద్ద కులాలు పిల్లనియ్యరు. తోలు ముట్టినోనికి అక్కడ కూడా వేరే పేరు, వేరే చోటు! లందలో తంగేడు చెక్క వేసి తోళ్లు నానబెట్టిన మా నాయినకు ఆ గరాంకే మనిషి దూరపు చుట్టం కాదా? ‘ఆదిమం’ అనే దుప్పటి కప్పితే ఈ కులాలన్నీ కనబడకుండా పోతాయి. దూరం నుంచి వచ్చినోనికి అంతా ఒకటే, అంతా మట్టిమనుషులే.

ఆఫ్రికా దాకా ఎందుకు? స్పెయిన్‌లోనే అంటరానివాళ్లు ఉన్నారు. ఉత్తరాన నవార్ర ప్రాంతంలో, బస్తాన్ లోయలో బోసాతే అనే వాడ ఉంది. అక్కడివాళ్లను అగోతేలు అన్నారు. రంగు అదే, భాష అదే, మతం అదే. అయినా చర్చిలో వాళ్లకు వేరే తలుపు, వేరే తీర్థపు తొట్టి, వెనక చోటు. ఊరివాళ్లు పిల్లనిచ్చేవాళ్లు కాదు. పొలాలు వాళ్లవి కావు. వడ్లపని, రాతిపని, నేతపని వాళ్లవి. 1515లో పోపే వాళ్లను అందరితో సమానంగా చూడమని ఆజ్ఞ ఇచ్చినా ఊరు వినలేదు. వివక్షను రద్దు చేస్తూ చట్టం రావడానికి 19వ శతాబ్దం దాకా పట్టింది. చట్టం వచ్చినంక కూడా చాలాకాలం బోసాతే పిల్లకు బయటి సంబంధం దొరకలేదు.

వాళ్ల మీద ఉన్న కట్టుబాట్లలో ఒకటి విని నేను కొయ్యబారిపోయిన. అగోతేలు వట్టికాళ్లతో నేల మీద నడవకూడదు! వాళ్ల పాదం తగిలితే గడ్డి మాడిపోద్దని ఊరి భయం. మా నాయిన దొరకు చెప్పులు కుట్టి, గడి ముందర నుంచి పోయేటప్పుడు తన చెప్పులు చంకలో పెట్టుకునేవాడు. ఇక్కడ చెప్పులు వేసుకోవడం నేరం. అక్కడ విడవడం నేరం. అంటే వాళ్లకు చెప్పులతో పని లేదు, గడ్డితో పని లేదు. మా పాదమే నేరం.

ఇప్పుడు తాపియెస్ గోడ మీది ఆ పాదాన్ని మళ్లీ చూడండి. దేశంలో ఒక జాతి పాదాలకు మట్టి తగలనియ్యని చరిత్ర ఉండగా, ‘మట్టితో మనిషి సంబంధం’ అని ఎవరి తరఫున మాట్లాడుతున్నారు?

అగోతే వంశంలో పుట్టిన శిల్పి ఒకాయన ఉన్నాడు, షాబియెర్ సాంచోతెనా. 1946లో బోసాతేలోనే పుట్టాడు. పెద్దలు చేసిన చెక్కపనినే శిల్పం చేశాడు. తనవాళ్లను దాచిపెట్టిన ఊళ్లోనే శిల్పాల తోట పెట్టి, అగోతేల కథ అందరికీ తెలిసేటట్టు చేశాడు. ఆ ప్రదర్శనంతా తిరిగి ఆయన పేరు వెతికిన. లేదు. మట్టి మీద అంత మోజున్నవాళ్లకు, మట్టి మీద నడవనియ్యని మనుషుల బిడ్డ గుర్తు రాలేదు.

మా దేశంలోని మట్టి ప్రేమికులకూ ఇదే చెప్తున్న. డ్రాయింగు రూముల్లో టెర్రకోట గుర్రాలు పెట్టుకునే అయ్యలారా, రిసార్టుల్లో జాజుగోడలు కట్టించి ఫొటోలు దిగే అమ్మలారా, మట్టిని మెచ్చుకోవద్దని మేం అనం. మట్టి మీద ప్రేమ మాకు మీకంటె ఎక్కువే. మా చేతుల గీతల్లో ఉంది అది. కాకపోతే దాన్ని తొక్కినవాళ్ల పేరు చెప్పండి. పట్టా ఎవరిదో చెప్పండి. కూలి ఎంతిచ్చారో చెప్పండి. ఇవి చెప్పలేనప్పుడు మూలాలు, ఆత్మ అని పెద్ద మాటలు వాడకండి.

మా వాడల్లో బొమ్మలు గీస్తున్న పిల్లలకు ఒక మాట. తాపియెస్‌ను చూడండి, బర్సెలోను చూడండి, నేర్చుకోండి. ఆల్బెర్తోను మాత్రం రెండుసార్లు చూడండి. ఎవడైనా మీ బొమ్మ చూసి ‘ఎంత ఆదిమంగా ఉంది’ అని మెచ్చుకుంటే సంబరపడకండి. ఇది ఈ కాలపు బొమ్మే, ఇది గీసిన మాదిగ పిల్ల పేరు ఇదీ అని చెప్పండి. మీ పేరు పక్కన మీ అమ్మ పేరు కూడా రాయండి. మన్ను తొక్కింది ఆమే.