ఖరగ్‌పూర్ బడుల్లో ఒక జనగణన పాఠం

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో పనికోసం ఖరగ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు మనవలు, మునిమనవలు బడికి వెళ్తున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ. 2027 ఫిబ్రవరిలో జరగాల్సిన జనగణనలో వీళ్ల మాతృభాష గడిలో ఏం పడుతుంది?

జనగణన లెక్కలో మాతృభాష అంటే బాల్యంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాష. తల్లి పసితనంలోనే పోతే, ఇంట్లో ప్రధానంగా మాట్లాడిన భాష. అంతేగాని బడిలో చదివినదో, ధారాళంగా వచ్చినదో కాదు. వచ్చిన ఇతర భాషలకు వేరే ప్రశ్న ఉంది. 2011లో రెండింటిని నమోదు చేశారు. హిందీ వచ్చని చెప్పడానికి తెలుగును వదులుకోనక్కర్లేదు.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదాను ఆమోదించింది. తెలుగు టీచరు కావాలని అడగాలన్నా చేతిలో లెక్క ఉండాలి కదా.

ఈసారి కుటుంబమే ఆన్‌లైన్‌లో వివరాలు నింపుకోవచ్చు. ఆ పని చాలా ఇళ్లలో పిల్లల చేతికే వస్తుంది. కాబట్టి ర్యాలీలకన్నా (ఎండలో నడిపించడమే మిగులుతుంది) ఒక పీరియడ్ మేలు. నమూనా ప్రశ్నలు ఇచ్చి, ఇంట్లో ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగి రమ్మనాలి. తల్లి బెంగాలీ, తండ్రి తెలుగు అయితే బిడ్డ జవాబు బెంగాలీ కావచ్చు. అక్కడ ‘తెలుగు అని రాయి’ అని టీచరు చెబితే అది కొలత కాదు, ప్రచారం.

క్వార్టర్లో ఉంటున్న బంధువుల పేర్లు చెప్పడానికి జంకే ఇళ్లకు పిల్లలు మోసుకెళ్లాల్సిన మాట ఇంకొకటి: 1948 జనగణన చట్టం ప్రకారం వ్యక్తిగత వివరాలు గోప్యం.