డార్క్‌లాండ్స్ ఆటయు, అబద్ధసాక్ష్యమును

గత వేసవి సెలవులలో ఒక విద్యార్థి తండ్రిగారు నాయొద్దకు వచ్చి యొక ఫిర్యాదు చేసిరి. వారి కుమారుడు కంప్యూటరుపై ఆడుచున్న ఆటలో ప్రార్థనకు లెక్కలున్నవట. కూడబెట్టిన దైవానుగ్రహములో ఇంత వెచ్చించినచో ఫలాని పరిశుద్ధుడు సహాయము చేయునట; తక్కువ వెచ్చించినచో చేయకపోవచ్చునట. “అయ్యగారూ, ఇది దైవదూషణ కాదా?” అని వారడిగిరి. ఆ యాట పేరు ఆ బాలునకు చెప్పినవాడను నేనే యగుటచే నాకు వెంటనే బదులు తోచలేదు. ఆలోచించి చెప్పెదనని వారిని సాగనంపి, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుకొను దినములలో ఒక స్నేహితుని గదిలో చూచిన యా యాటను మరల మొదటినుండి ఆడితిని. వారికి నేను చెప్పిన బదులును, వారడుగని మరియొక సంగతియు ఇచ్చట వ్రాయుచున్నాను.

ఆ యాట పేరు డార్క్‌లాండ్స్. అమెరికా దేశపు మైక్రోప్రోస్ అను సంస్థ దానిని 1992వ సంవత్సరమున వెలువరించెను. ఆర్నాల్డ్ హెండ్రిక్ దాని ప్రధాన రూపకర్త. ఇట్టి యాటలలో ఆడువాడు వేషము కట్టిన నటునివలె ఒక పాత్రయై కథలో నడచును. తక్కినవారనేకులు లేని దేశములను, లేని రాజులను కల్పించుకొనగా, వీరు పదునైదవ శతాబ్దపు జర్మను దేశమును, అనగా నాటి పవిత్ర రోమను సామ్రాజ్యమును ఎన్నుకొనిరి. కథ 1400వ సంవత్సరముతో ప్రారంభమగును. కొలోను, న్యూరెంబర్గు, లూబెక్, హాంబర్గు మొదలగు నిజమైన పట్టణములు అందు గలవు.

నలుగురు సహచరులను మనమే యేర్పరచుకొనవలెను. వారు ప్రభువుల యింట పుట్టిరా, పట్టణపు వర్తకుల యింట పుట్టిరా, పల్లెలోని కాపుల యింట పుట్టిరా యని మొదట నిర్ణయింతుము. పిమ్మట అయిదేసి యేండ్లకు ఒక వృత్తి చొప్పున వారి బ్రదుకు నడుపుదుము. సైనికుడు, సన్న్యాసి, విద్యార్థి, గుమాస్తా, రసవాది, బందిపోటు, ఏదైనను కావచ్చును. ఏండ్లు గడచినకొలది విద్య పెరుగును. అయితే దేహబలము తరుగును. నలువది దాటిన నాకు ఈ నియమము మునుపటికంటె ఇప్పుడు చక్కగ బోధపడినది. ఊరి ద్వారమునొద్ద కాపలావానికి లంచమిత్తుమా, మంచిమాట చెప్పుదుమా, చీకటిలో గోడ నెక్కుదుమా యని ఆట మనలను అడుగును. జాముల లెక్క మఠములలోని ప్రార్థనావేళల పేళ్లతో జరుగును. కొండకోటలలో కాపురముండి బాటసారులను దోచుకొను సామంతులు, గనులు, రసవాదుల మందులు, ఇవన్నియు చరిత్ర పుస్తకము చెప్పజాలనంత దగ్గరగ కనబడును. బొమ్మలు నేటి బాలుర కంటికి వెలవెలబోవును. మొదట వెలువడినప్పుడు లోపములును మెండుగ నుండినవి. పిమ్మట కొన్ని సవరింపబడినవి.

ఇక ఆ తండ్రిగారి ఫిర్యాదు. ఆటలో నూరుగురికి మించిన పరిశుద్ధులున్నారు. వారిలో నొకరినిగూర్చి చదివి తెలిసికొన్న పిదపనే వారి సహాయము కోరనగును. దేవాలయమున ఆరాధనకు పోవుటవలనను, పాపపు టొప్పుకోలువలనను, కానుకలవలనను దైవానుగ్రహము పెరుగును. సహాయము కోరినప్పుడెల్ల ఖర్చగును. ప్రభువైన క్రీస్తు ఉచితముగ నిచ్చు కృపను నమ్మిన మనకు ఇది వినుటకే కష్టముగ నుండును. రోమను కథోలిక సహోదరులును తమ సంఘపు బోధ యిది కాదని చెప్పుదురు, అది న్యాయమే. కాని నాటి సామాన్యజనులలో అనేకులు భక్తిని ఇట్లే లెక్కించుకొనిరి. మార్టిన్ లూథరు 1517వ సంవత్సరమున తొంబదియైదు వాదములు వ్రాసి, పాపక్షమాపణ పత్రముల విక్రయమును ఖండించెనని మేము తరగతిలో రెండు వాక్యములు చెప్పుదుము, బాలురు వ్రాసికొందురు, పరీక్ష కాగానే మరతురు. ఈ యాటను పదిదినములు ఆడిన బాలుడు పరిశుద్ధుని సహాయమునకు వెల కట్టు మనస్సు ఎట్టిదో తన మనస్సులోనే చూచియుండును. కనుక ఇందు నాకు దూషణ కనబడలేదు. ఒక కాలపు జనుల లోపలితనము కనబడినది.

నా యాక్షేపణ వేరొక చోట నున్నది; దానినిగూర్చి యెవరును నాతో ఫిర్యాదు చేయలేదు. ఆ కాలపువారు దేనిని నమ్మిరో అది నిజమే యనునది ఈ యాట కంతటికి పునాది. ప్రార్థన విషయములో ఆ పునాది చరిత్రను నేర్పినది. మంత్రగత్తెల విషయములో అదే పునాది అబద్ధసాక్ష్యము పలుకుచున్నది. దారిలో కొన్ని గ్రామములు తగులును. అచ్చటి జనులు మాట దాటవేయుదురు. పైకి సాధువులు, లోపల సాతానును పూజించువారు. గుట్టు బయటపెట్టి, మంత్రగత్తెల రాత్రికూటమును వెదకి చెదరగొట్టి, కట్టకడకు టెంప్లరు యోధుల కోటలో బాఫోమెట్ అను దయ్యమును ఎదుర్కొనవలెను.

టెంప్లరుల కథ యేమి? ఫ్రాన్సు రాజైన నాలుగవ ఫిలిప్పు 1307 అక్టోబరు 13వ తేదీని వారినందరిని ఒక్కమారుగ పట్టించెను. విగ్రహమును పూజించిరనియు, క్రీస్తును తిరస్కరించిరనియు నేరము మోపబడెను. పారిసు నగరమున విచారింపబడిన 138 మందిలో నలుగురు తప్ప తక్కినవారందరు ఏదో యొక నేరము ఒప్పుకొనిరి. అందు అనేకులు చిత్రహింసకు లోనైనవారు. తమ యొప్పుకోలు అబద్ధమని మరల చెప్పినవారిలో 54 మంది 1310 మే నెలలో సజీవదహనము చేయబడిరి. 1312లో ఆ సంఘమే రద్దాయెను. ఆ నేరములకు ఆధారము లేదని నేటి చరిత్రకారులలో ఎక్కువమంది చెప్పుచున్నారు. ఏడు వందల యేండ్లనాడు కొరడాయు త్రాళ్లును పుట్టించిన బాఫోమెట్‌ను ఈ యాట కోటలో నిలువబెట్టి, కత్తి చేతికిచ్చి, చంపుమనుచున్నది.

మంత్రగత్తెల మాటయు అంతే. 1450 మొదలుకొని 1750 వరకు ఐరోపాలో ఆ నేరముపై నలువదివేలనుండి అరువదివేలమంది వరకు చంపబడిరని చరిత్రకారుల అంచనా, స్త్రీలే యెక్కువ. అందు పెద్దభాగము ఈ యాట జరుగు జర్మను దేశములలోనే. ప్రొటెస్టంటు ఊళ్లును తక్కువ తినలేదు. మన చేతులు శుభ్రమని చెప్పుకొనరాదు. ఫ్రీడ్రిష్ ష్పే అను జెసూట్ గురువు 1631లో తన పేరు దాచుకొని యొక గ్రంథము ప్రకటించి, చిత్రహింసయే మంత్రగత్తెలను సృష్టించుచున్నదని వాదించెను. ఆ గ్రంథము రిన్టెల్న్ అను ప్రొటెస్టంటు పట్టణమున అచ్చయ్యెను. ఆ సంగతి నాకెప్పుడును ప్రియమైనది.

ఇదంతయు దూరదేశపు పాతకథ యనుకొందురేమో. మన తెలుగునాట బాణామతి, చేతబడి అను రెండు మాటలు వినని పల్లె యేది? బిడ్డకు జ్వరము తగ్గకున్నను, గేదె చచ్చినను, ఒంటరి ముదుసలివైపు వ్రేలు చూపుదురు. అట్టివారిని కొట్టుటయు, పండ్లూడగొట్టుటయు, చంపుటయు పత్రికలలో మనము చదివినవే. తెరపై “ఈ గ్రామము నిజముగనే దోషి” యని పదిసార్లు చూచిన బాలుడు ఊరికి పోయి అట్టి మాట వినినప్పుడు, నమ్ముటకు అతనికి ఎంతసేపు పట్టును? ఆట దయ్యములను చూపుటవలన నాకు భయము లేదు. అనుమానింపబడినవారు దోషులే యని చూపుటవలననే నా భయము. శిక్షణ కళాశాల దినములలో నేనును అట్టి గ్రామముపై పడితిని. విజయమైనదని స్నేహితుడును నేనును తేనీరు త్రాగితిమి. అప్పుడు నాకేమియు తోచలేదు.

ఆ తండ్రిగారి యింటికి పోయి ఇట్లు చెప్పితిని: ఆట మాన్పింపవలదు, ప్రార్థనల లెక్కకు బెంగపడవలదు, గ్రామముల ఘట్టము వచ్చినప్పుడు మాత్రము బాలుని ప్రక్క కూర్చుండి, ఆ జనుల దోషము ఎవరు చెప్పగా మనకు తెలిసినదని యడుగుడు. వారు కూర్చుండిరట. సెలవులైన పిదప ఆ బాలుడు నా తరగతి గుమ్మమున నిలిచి, “అయ్యగారూ, ఒప్పుకొన్నవారిని బ్రదుకనిచ్చుచుండిరి గదా. కాల్చెదరని తెలిసియు ఆ 54 మంది కాదని యెందుకు చెప్పిరి?” అని యడిగెను. గంట కొట్టిరి. సాయంత్రము రమ్మంటిని.