పువ్వు పూయని చెట్టు

మన పంచాంగంలో వసంతం చైత్రమాసంతో వస్తుంది. కాని మనం నివసించే డర్బన్‌లో ఉగాది పచ్చడి తినేనాటికి ఎండలు తగ్గి శరత్తు మొదలవుతుంది. ఇక్కడ వసంతం సెప్టెంబరులో అడుగుపెడుతుంది. అప్పుడు డర్బన్ బొటానిక్ గార్డెన్స్‌కు వెళ్ళినవారు నారింజవన్నె క్లైవియా పూలను చూసి మురిసి, ఫొటోలు తీసుకొని, పచ్చికపై ఫలహారం చేసి తిరిగివస్తారు. అది తప్పు కాదు. అయితే ఆ తోటలో మొదట చూడవలసినది పువ్వే పూయని ఒక చెట్టు అని నా అభిప్రాయం.

దాని పేరు వుడ్ సైకడ్. చూపునకు ఈతచెట్టును పోలి ఉంటుంది, కాని ఈత జాతికి చెందినది కాదు. సైకడ్ల వంశం డైనోసార్లకంటే ప్రాచీనమైనది. ఈ తోట క్యూరేటరైన జాన్ మెడ్లీ వుడ్ 1895లో జూలూలాండ్‌లోని ఓన్గోయే అడవిలో ఈ చెట్టును కనుగొన్నాడు. 1903లో దాని పిలకలను తెచ్చి తోటలో నాటారు. 1916లో అడవిలో మిగిలిన చివరి కాండాన్ని కూడ తరలించారు. ఆ తరువాత ఆ జాతి చెట్టు అడవిలో ఎవరికీ కనబడలేదు.

సైకడ్లలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మగచెట్టు పుప్పొడి ఆడచెట్టును చేరితేనే విత్తనం కలుగుతుంది. వుడ్‌కు దొరికినది మగచెట్టు. ఇటీవల డ్రోన్లను ఎగురవేసి వెతికినా ఆడచెట్టు జాడ తెలియలేదు. నేడు లోకంలోని తోటలలో ఉన్న వుడ్ సైకడ్లన్నీ ఆ ఒక్క చెట్టు పిలకల సంతతే. పెరటిలోని అరటిని గమనించండి. పిలక తల్లి గుణాలనే పుణికిపుచ్చుకొంటుంది. కనుక తల్లికి సోకే తెగులు పిలకలన్నింటికీ సోకగలదు.

"విత్తనమే లేని చెట్టుకు ఇంత శ్రమ ఎందుకు? ఆ స్థలంలో మరిన్ని పూలమొక్కలు నాటవచ్చు కదా!" అని కొందరు అడుగుతారు. ఆ చెట్టు మనకొక పాఠం చెబుతున్నది. తోట ఒక ప్రాణాన్ని నిలుపగలదు గాని, పోయిన జంటను తెచ్చి ఇవ్వలేదు. ఒక్కటే మిగిలినప్పుడు కాపాడబూనడం ఆలస్యమే. పది ఉన్నప్పుడే, వంద ఉన్నప్పుడే ఆ పని మొదలు కావాలి.

అటువంటి పని మన చాట్స్‌వర్త్‌లోనే జరుగుతున్నది. సిల్వర్‌గ్లెన్‌లోని నగరపాలక సంస్థ నర్సరీలో జూలూ వైద్యులు వాడే ఓషధులను పెంచుతారు. మందుకోసం దుంపలు తవ్వివేయడం వలన అడవి అల్లం అరుదైపోయింది. ఇసిభాహా చెట్టు బెరడు చుట్టూ ఒలిచివేస్తే చెట్టే చనిపోతుంది. మందు మానుమని రోగికి చెప్పలేము. అందుచేత అడవిని దోచకుండ మొక్కను నారుపోసి పెంచుకోవడమే ఉత్తమమార్గం. మన అమ్మమ్మలు కరివేపాకు కోసం అడవికి పోలేదు, పెరటిలో పెంచుకొన్నారు. ఇదీ అంతే.

బాలలారా! మీరు చిన్నవారైనా చేయదగినవి ఉన్నాయి. విహారానికి వెళ్ళినప్పుడు అడవిలోని క్లైవియాను పెకలించి ఇంటికి తేవద్దు. ఇంట్లో పెద్దలు మొక్క కొనేటప్పుడు, "ఇది నర్సరీలో పెంచినదా, అడవినుండి తెచ్చినదా?" అని అంగడివానిని అడగండి. ఈ దేశంలో సైకడ్లను దొంగిలించి అమ్మేవారున్నారు. అనుమతి పత్రం లేకుండ సైకడ్‌ను కొనడం నేరమని పెద్దలకు గుర్తుచేయండి.

రాబోయే సెప్టెంబరులో తోటకు వెళ్ళినప్పుడు పూలకంటే ముందు ఆ ఒంటరి చెట్టు దగ్గర కొంతసేపు నిలబడండి. తరువాత క్లైవియాల వద్దకు వెళ్ళండి. వాటికి ఇంకా జంటలున్నాయి, విత్తనాలున్నాయి. వాటిని అలాగే ఉండనివ్వడం మన వంతు.