నక్కవాగు నుంచి అంబర్‌పేట దాకా..

నక్కవాగు ఎక్కడుందో అడిక్‌మెట్‌లో అడిగితే చెప్పేవాళ్లు తక్కువే. అది పటాన్‌చెరు దగ్గరి చిన్న వాగు. పోయి మంజీరలో కలుస్తుంది. కానీ దాని కథలో సగం అడిక్‌మెట్ పొరుగుకే వచ్చింది. శివం రోడ్డు దాటితే అంబర్‌పేట.. అక్కడికి, అదీ పైపులో!

1970ల చివర్లో పటాన్‌చెరులో ఫ్యాక్టరీలు మొదలయ్యాయి. ఉద్యోగాలొస్తాయన్నారు. కొన్ని వచ్చాయి కూడా. వాటి వెనకే మందుల కంపెనీల వ్యర్థాలు వాగులోకి దిగాయి. నీళ్ల రంగు మారింది, చేపలు పోయాయి, పొలాలు బీళ్లయ్యాయి. పోచారం లాంటి ఊళ్లలో బావి నీళ్లు నోట పెట్టలేని పరిస్థితి. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావుకు సంగతి అర్థమైంది. రోగం నీళ్లకుంటే మనుషులకు ఎన్ని మందులు రాసిచ్చి ఏం లాభం? రైతులతో కలిసి ఆయన రోడ్డెక్కారు.

1990లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. 2001లో కేసు హైకోర్టుకు, 2013లో హరిత ట్రిబ్యునల్‌కు మారింది. తీర్పు 2017లో. పిటిషన్ వేసిన ఏడాది పుట్టిన పిల్లలకు అప్పటికి 27 ఏళ్లు! అయితే ఊరికే పోలేదు. కోర్టు మాటతోనే ఊళ్లకు మంచినీళ్లు, రైతులకు ఎంతో కొంత పరిహారం అందాయి.

1994లో కంపెనీలన్నిటికీ కలిపి శుద్ధి కేంద్రం పెట్టారు. అందులోంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో లెక్క చెప్పారు. లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు పోయేది దాదాపు 45 కిలోలు. స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడే మందు అది.

మరి ఆ నీళ్లను ఏం చేయాలి? వాగులో కలవకుండా 18 కిలోమీటర్ల పైపు వేసి నగరం మురుగు కాలువకు కలిపారు. 2009లో అది పూర్తయింది. నీళ్లు అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి, అక్కణ్నుంచి మూసీకి. ఇళ్ల మురుగు కోసం కట్టిన కేంద్రం మందుల రసాయనాలను ఏం చేయగలదని పర్యావరణవాదులు అప్పుడే అడిగారు. ఎవరి వ్యర్థం వాళ్ల ప్రహరీ లోపలే శుద్ధి కావాలన్నారు. సబబైన మాటే. మంజీర పోయేది గోదావరికి, మూసీ పోయేది కృష్ణకు. ఒక నది బాకీని ఇంకో నది ఖాతాలో రాశారన్నమాట.

అంబర్‌పేట దాటాక మూసీ ఒడ్డున పీర్జాదిగూడ వైపు రైతులు ఆ నీటితోనే పచ్చగడ్డి పెంచుతూ వచ్చారు. ఆ మోపులు నగరంలోని పాడిపశువుల కొట్టాలకే చేరేవి.